ఎవరో మూసిన వలలు

గోడకు వరసగా కొట్టిన మేకులకి గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. నేను గదిలో అడుగు పెట్టేసరికి వాటిలో ఒకటి కదిలింది. గడప దగ్గరే ఆగిపోయాను. దాని పక్కది కదిలింది. ఆ తర్వాత అన్నీ కదిలాయి.

"పిట్టలే మేడమ్, లోపలికి రండి. ఏం చెయ్యవు," అంది బల్ల దగ్గర కూర్చున్న పరిశోధకురాలు.

ఏం చెయ్యవని నాకూ తెలుసు. కానీ చిన్నప్పుడు ఒక కాకి నెత్తి మీద తన్నిపోయిన దగ్గర్నుంచి, రెక్కల చప్పుడు వింటే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతాయి. ఈ డిటెక్టివ్ వృత్తిలో ఎన్నో శవాలను చూశాను. కత్తి పట్టుకున్న మనిషిని కబుర్లలో పెట్టి కూర్చోబెట్టాను. రెక్కలున్నది మాత్రం నాకు పడదు. అలాంటిదాన్ని ఏరికోరి ఈ పక్షుల పరిశీలన కేంద్రానికి రప్పించింది మా అక్క. "మీ బావని తీసుకెళ్లిపోతారటే, తొందరగా రా" అని నిన్న సాయంత్రం ఫోన్లో ఒక్క మాట అంది. అమ్మ పోయాక నాకు జడలు వేసిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చుందీ, పరీక్ష తప్పితే నాన్న దగ్గర నన్ను వెనకేసుకొచ్చిందీ అక్కే. పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను?

జరిగింది ఇది. ఈ కేంద్రాన్ని స్థాపించి, ఇన్నేళ్లూ నడిపించిన పెద్దాయన నిన్న పొద్దున ఇనుప మంచె కింద మెడ విరిగి పడి ఉన్నాడు. రోజూ తెల్లారగానే ఆ మంచె ఎక్కి, దుర్భిణి పెట్టి పక్షులను లెక్కపెట్టడం ఆయన అలవాటు. పైన చుట్టూ ఉన్న కమ్మీలు ఆయన ఛాతీ ఎత్తుకు వస్తాయి. కాలు జారితే పడే చోటు కాదు. పైగా ఆయన చొక్కా జేబు సగం చిరిగి ఉంది. ఎవరో తోశారు. ఆ ఎవరో మా బావేనని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. బావ ఇక్కడ పిట్టలకు రింగులు వేసే ఉద్యోగి. అక్కా, ఆయనా ఈ ఆవరణలోనే క్వార్టర్స్‌లో ఉంటారు.

ఆ ఇన్‌స్పెక్టర్‌కి నేను పెట్టుకున్న పేరు గడియారం. మాటకు ముందొకసారి, మాట అయ్యాక ఒకసారి మణికట్టు చూసుకుంటాడు. ఇంతకు ముందు రెండు కేసుల్లో మేమిద్దరం తలపడ్డాం. ఒకదాంట్లో ఆయన గెలిచాడు, ఇంకోదాంట్లో నేను ఓడిపోయాను.

ఇప్పుడు కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "జీపు పన్నెండింటికి బయల్దేరుతుంది మేడమ్. మీ బావగారికి సీటు ఉంచాం. ఈలోగా మీరు అడగాల్సినవి అడుక్కోండి."

సంచులకు వీలైనంత దూరంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మనిషి పోయిన మర్నాడే పిట్టల్ని పట్టాలా అమ్మా?" అన్నాను పరిశోధకురాలితో.

ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతులు మాత్రం ఆగలేదు. సంచిలోంచి గుప్పెడు కూడా లేని పిట్టను తీసి, దాని మెడ తన చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉండేలా పట్టుకుంది.

"పట్టాలి మేడమ్. పదిహేడేళ్లుగా ఇదే కాలంలో, అదే చోట, అంతే పొడుగు వలలు కడుతున్నాం. అలా కడితేనే ఏ జాతి తగ్గిపోతోందో, ఏది నిలదొక్కుకుందో తెలిసేది. ఇవి వలసపోయే పిట్టలు. ఇవాళ మానేస్తే ఇవాళ దాటిపోయినవాటి సంగతి ఇక ఎప్పటికీ తెలీదు. వాళ్లమ్మ పోయిన రోజు కూడా పెద్దాయన వలలు తెరిచారు."

కాలికి అల్యూమినియం రింగు తొడిగి పట్టకారుతో నొక్కింది. రెక్కను స్కేలు మీద ఆనించి కొలిచింది. పొట్ట మీద ఈకలను ఉఫ్‌మని ఊది, "ఇదిగో, చర్మం కింద పసుప్పచ్చగా కనిపిస్తోందే, అది కొవ్వు. దారి ఖర్చులకి దాచుకుంది. రేపో ఎల్లుండో సముద్రం దాటేస్తుంది. దీని నంబరు అవతల ఒడ్డున ఇంకో కేంద్రం వాళ్లకి దొరికితే, ఎన్ని రోజుల్లో ఎంత దూరం వెళ్లిందో మాకు తెలుస్తుంది," అంటూ నాకు చూపించడానికి చెయ్యి చాపింది.

నేను కుర్చీతో సహా గోడకు అతుక్కుపోయాను. గడియారం ముక్కుతో నవ్వాడు.

"నిన్న పొద్దున మీరెక్కడున్నారు?" అని అడిగాను.

"పట్నంలో. మీటింగ్ ఉంటే ముందురోజే వెళ్లాను. హాస్టల్ గదిలో నాతోపాటు ఇంకో ముగ్గురున్నారు. ఆరింటికి పెద్దాయనకి ఫోన్ చేస్తే, 'వలలు తెరిచాను, మంచె ఎక్కుతున్నా, తర్వాత మాట్లాడదాం' అన్నారు." ఆమె పిట్ట నంబరు పుస్తకంలో రాసుకుంది. "తర్వాత లేదు."

"ఏడున్నరకి కావలివాడు శవాన్ని చూశాడు," అన్నాడు గడియారం. "ఆ గంటన్నరలో మీ బావగారు ఇంట్లో పడుకున్నారట. సాక్షి ఆయన భార్య. అంతకంటే గట్టి సాక్షి ఇంకెవరుంటారు లెండి."

వెటకారాన్ని మింగేసి, పోలీసులు తీసిన ఫోటో బల్ల మీద పెట్టాను. మంచె కింద శవం. దాని వెనక వెదురు గడల వరస. గడకీ గడకీ మధ్య బట్టలారేసే తాడులాంటిది.

"ఇందులో వలలేవి?"

ఆమె వంగి చూసింది. పట్టకారు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"మూసి ఉన్నాయి."

"అంటే?"

"పని అయిపోయాక వలని పైకి చుట్టేసి, గుడ్డపీలికలతో కట్టేస్తాం. మీకు తాడులా కనిపిస్తోందే, అదే వల. నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి ఇలాగే ఉన్నాయి. పోలీసులు మూశారేమో అనుకున్నాను."

"మావాళ్లు ముట్టుకోలేదు," అన్నాడు గడియారం. ఆ మాటకు ముందు గానీ తర్వాత గానీ మణికట్టు చూసుకోలేదు.

"పిట్టల్ని తీయకుండా చుట్టేయొచ్చా?"

"నలిగి చచ్చిపోతాయి మేడమ్. నిన్న సాయంత్రం చూశాను, వలల్లో గానీ కింద గానీ చచ్చిన పిట్ట ఒక్కటి లేదు. కింద కొత్త రెట్టలున్నాయి, ఈకలున్నాయి. అంటే పడ్డాయి. ఎవరో తీసి వదిలేశారు."

"ఆ పని ఎవరైనా చెయ్యగలరా?"

"అయ్యో, రానివాళ్లు చెయ్యి పెడితే కాళ్లు విరిగిపోతాయి. పిట్ట వలలోకి ఏ వైపు నుంచి వెళ్లిందో ఆ వైపు నుంచే తీయాలి. ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, ఆఖర్న తల. నాకు వంటబట్టడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ అన్నయ్య అంత బాగా రాదు. ఈమధ్య వలల దగ్గరికి నన్ను రానివ్వరు కూడా. పిట్టల్ని సంచుల్లో తెచ్చేసి, 'కళ్లజోడు మర్చిపోయాను, కొలతలు నువ్వే తియ్యమ్మా' అంటారు."

అన్నయ్య అంటే మా బావే. నేను ఆ ముక్క సరిగ్గా వినలేదు. బుర్రలో దీపం వెలిగిన సంబరంలో ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, విన్నారా? పెద్దాయనని తోసిన మనిషి పారిపోలేదు. కిందికి దిగొచ్చి, వలల్లో కొట్టుకుంటున్న పిట్టల్ని ఒక్కొక్కటే విప్పి, వలలు చుట్టి, కట్టి, అప్పుడు వెళ్లాడు! ఇది బయటివాళ్ల పని కాదు. చెయ్యి తిరిగిన మనిషి పని."

గడియారం పరిశోధకురాలి వైపు తిరిగాడు. "హత్య చేసినవాడికి అంత తీరికెందుకమ్మా?"

"చూసేవాళ్లు లేనప్పుడు వల తెరిచి ఉంటే, ఇంకా పడి ఎండకి మాడిపోతాయి సార్. మాలో ఎవరూ అలా వదిలేసి వెళ్లలేరు. ఒళ్లు ఒప్పుకోదు."

"మాలో అంటే ఎంతమంది?"

"ముగ్గురం. పెద్దాయన, నేను, అన్నయ్య."

గడియారం టోపీ తీసి నాకు నమస్కారం పెట్టాడు.

"ఒకాయన పోయారు. ఈ అమ్మాయి పట్నంలో ఉంది. ఇక లెక్కపెట్టడానికి వేళ్లు కూడా అక్కర్లేదు. సాక్ష్యం కోసం నిన్నంతా తిరిగి కాళ్లు పీకుతున్నాయి మేడమ్. మీరొచ్చి పావుగంటలో చేతిలో పెట్టారు."

బావని గట్టెక్కించడానికి వచ్చి, నా చేతులతో నేనే ఆయన గొయ్యి తవ్వాను.

"మొన్న సాయంత్రం గొడవ కూడా మర్చిపోకండి," అన్నాడు గడియారం. "'రేపట్నుంచి నీ చేతిలో పిట్ట కనపడకూడదు' అని పెద్దాయన అరుస్తుంటే కావలివాడు విన్నాడు. ఎందుకన్నాడయ్యా అంటే మీ బావగారు పెదవి విప్పరు."

"నేను మంచె చూడాలి," అన్నాను.

* * *

మంచె దగ్గరికి దారి, మనిషెత్తు గడ్డి మధ్య నుంచి. ఆ దారి పక్కనే వలల వరస. తెరిచి ఉన్న వల కంటికి కనపడదని నాకెవరూ చెప్పలేదు. ముఖానికి సాలెగూడులాంటిది తగిలి, చెవి పక్కనే టపటపమని కొట్టుకునేసరికి కేకపెట్టి వెనక్కి పడ్డాను. జేబురుమాలంత చోట్లో ఒక పసుప్పచ్చ పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో పైకే కనిపిస్తోంది. నాది అంతకంటే వేగంగా కొట్టుకుంటోంది.

బావ మంచె కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కానిస్టేబుల్. ఉక్కపోస్తున్నా బావ చేతులు రెండూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"వచ్చావా మరదలా," అన్నాడు. "మీ అక్క మాట విని వచ్చుంటావు. వెళ్లిపో. ఇందులో నువ్వు చేసేదేం లేదు."

"నువ్వు చెయ్యలేదని ఒక్క మాట చెప్పు బావా."

ఆయన తలదించుకున్నాడు.

మెట్లు ఎక్కాను. గడియారం వెనకే ఎక్కాడు. ఎత్తంటే కూడా నాకు భయమే కానీ, రెక్కలతో పోలిస్తే పర్వాలేదు. కమ్మీకి ఒకచోట తుప్పు రాలి, చొక్కా దారం ఒకటి ఇరుక్కుని ఉంది. అది పోలీసులు చూసిందే. నా కళ్లు దుర్భిణి మీద పడ్డాయి. మూడుకాళ్ల స్టాండు మీద బిగించి ఉన్న పెద్ద దుర్భిణి అది.

"దీన్ని ఎవరైనా కదిలించారా?"

"లేదు. వేలిముద్రలు తీసి అలాగే వదిలేశాం."

"ఆకాశంలో పక్షుల్ని లెక్కపెట్టేవాడి దుర్భిణి కిందికెందుకు చూస్తోంది?"

గడియారం వంగి చూశాడు. అది వలల వరస కొస వైపు తిరిగి ఉంది. "వలల దగ్గర మీ బావగారిని చూశాడు. పైకి పిలిచాడు. మళ్లీ గొడవయింది. నాకు ఉపకారం చెయ్యడం ఇక చాలించండి మేడమ్, మొహమాటంగా ఉంది."

దుర్భిణికి కన్ను ఆనించి మెల్లిగా పక్కకు తిప్పాను. గడ్డి, గడలు, బల్ల. బల్ల మీద బావ. క్వార్టర్స్ వైపు నుంచి అక్క ఫ్లాస్కు పట్టుకుని వస్తోంది. కానిస్టేబుల్‌ని బతిమాలి, కప్పులో టీ పోసి బావకి అందించింది. బావ అటూ ఇటూ చూసి జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చెయ్యి వణికింది. మామూలు వణుకు కాదు. టీ కప్పు దాటి మోకాళ్ల మీద ఒలికింది. అక్క గబుక్కున కానిస్టేబుల్‌కి అడ్డంగా నిలబడి, కప్పు తనే పట్టుకుని బావ పెదాలకి ఆనించింది. పసిపిల్లాడికి పట్టినట్టు పట్టింది.

బావ గట్టెక్కాడు! రెండేసి మెట్లు దూకుతూ దిగాను. గడియారం వెనకే దిగాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క పిట్ట. వలలోంచి ఒక్క పిట్టని బావ చేత తీయించండి. తర్వాత మీ ఇష్టం, జీపులోనే ఎక్కించుకుంటారో, నెత్తి మీదే పెట్టుకుంటారో!"

"ఏమిటీ నాటకం?" గడియారం మణికట్టు చూసుకున్నాడు. "పన్నెండుకి పది నిమిషాలుంది."

"పది నిమిషాలు చాలు."

బావ లేచి నిలబడ్డాడు. "వద్దు మరదలా," అన్నాడు. తర్వాత గడియారం వైపు తిరిగి గబగబా, "నేనే తోశాను సార్. వలలు మూసిందీ నేనే. రాసుకోండి, పదండి," అన్నాడు.

"ఏమండీ!" అంది అక్క. బావ ఆమె వైపు చూడలేదు.

"చూశారా మేడమ్," అంటూ గడియారం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కానీ గడియారం కూడా పోలీసే. అడగకుండా వచ్చిన ఒప్పుకోలు ఆయనకూ రుచించలేదని ముఖంలో తెలిసిపోయింది. "సరే. పిట్టని తియ్యండి. ఎలా మూశారో నేనూ చూస్తాను."

ఇందాక నన్ను హడలగొట్టిన పసుప్పచ్చ పిట్ట ఇంకా అక్కడే ఉంది. బావ జేబుల్లోంచి చేతులు తీశాడు. వాటిని వల దాకా తీసుకెళ్లడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. వేళ్లు దారాన్ని పట్టుకోబోయి పిట్టను పొడిచాయి. అది సన్నగా అరిచి గిలగిల్లాడింది. ఇంకో మెలిక పడింది. దారం దాని నోట్లోకి పోయి నాలుక వెనక బిగుసుకుంది.

బావ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"చూశారా!" అన్నాను. నా గొంతులో సంబరం నాకే సిగ్గనిపించింది. "ఈ చేతులతో నిన్న పిట్టల్ని తీశాడా? గుడ్డపీలికకి ముడి అయినా వెయ్యగలడా? ఈ సంగతి మొన్న సాయంత్రం పెద్దాయనకి తెలిసిపోయింది. అందుకే నీ చేతిలో పిట్ట కనపడకూడదన్నాడు. అంతేనా బావా?"

ఆయన తలూపాడు. రింగు వేసే అనుమతి పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుంది. అందుకని దాచాడు. పాపం, అంతే. ఇంత చిన్న సంగతికి మనిషి ఉరికంబం ఎక్కబోయాడు.

గడియారం ఆ చేతులనే చూస్తున్నాడు. "ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఏడాదిన్నర సార్."

"ఏడాదిన్నర," అన్నాడు గడియారం మెల్లిగా. "రోజూ వలల్లోంచి పిట్టలు సంచుల్లోకి వచ్చాయి కదా. ఎవరు తీశారు?"

నా సంబరం అక్కడికక్కడే చల్లారిపోయింది. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదు? బావ అడగకుండానే నేరం ఎందుకు ఒప్పుకున్నాడు? పెద్దాయన దుర్భిణిలోంచి చూసింది బావని కాకపోతే, ఎవరిని? వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది.

"ఆ అమ్మాయిని పిలవండి," అన్నాను. "ముందు ఆ పిట్టని తీయించండి."

కానిస్టేబుల్ పరుగెత్తాడు. గది దూరం. దారం బిగుసుకుంటూ ఉంది. పిట్ట నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది. గడియారం చెయ్యెత్తి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక దించేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. దాని రెక్కలు కొట్టుకోవడం ఆగిపోయింది. అది ఇంకా భయంగా ఉంది.

ఫ్లాస్కు నేల మీద పెట్టిన చప్పుడైంది.

"పక్కకి జరగవే," అంది అక్క.

"అక్కా, వద్దు," అన్నాను. బావ కూడా ఏదో అన్నాడు. ఆమె విననే లేదు. వల చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్లింది. ఎడమ చెయ్యి వలలోకి పోయింది. కాళ్లు వచ్చాయి. ఒక రెక్క, ఇంకో రెక్క. తల దగ్గర ఆగి, ఒక గడ్డిపరక తుంచి, దాని కొసతో నాలుక వెనక నుంచి దారాన్ని పైకి లేపింది. పిట్ట ఆమె వేళ్ల మధ్యకు వచ్చింది. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ దాని మెడ. ఒక్క వేలు కూడా తడబడలేదు. అక్క దాన్ని కాసేపు అరచేతిలో ఉంచుకుని, మళ్లీ ఊపిరి అందుకున్నాక చెయ్యి తెరిచింది.

అది ఎగిరిపోయింది. బావ నేల మీద కూలబడ్డాడు.

"చచ్చిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోనే?" అంది అక్క నాతో. ఏడవడం లేదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగింది.

బావని పట్టుకోబోయిన గడియారం చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన దాన్ని దించి, వల దాటి, అక్క వైపు నడిచాడు. నేను వచ్చింది బావని విడిపించడానికి. విడిపించాను. గడియారం ఇంకో రెండడుగులు వేస్తే అక్కని చేరుకుంటాడు.

"ఆగండి," అన్నాను. "నిన్న పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా అక్క నాతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఇంట్లోంచే. కావాలంటే వాంగ్మూలం ఇస్తాను."

అక్క నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. గడియారం ఆగాడు. నా వైపు తిరిగాడు. ఈసారి వెటకారం లేదు, నవ్వు లేదు.

"మీ ఫోన్ ఇలా ఇవ్వండి మేడమ్," అని చెయ్యి చాపాడు.